ఛాసిస్ నంబరు మాది, కేటలాగు ఎవరిది?

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కార్యదర్శి గారికి
హైదరాబాద్ పాతబస్తీ నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కార్యదర్శి గారికి,

2022 డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు, మీ శాఖ ‘రైట్ టు రిపేర్’ పోర్టల్‌ను ప్రారంభించింది. వ్యవసాయ యంత్రాలు, మొబైల్ ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలు అనే నాలుగు రంగాలను అందులో చేర్చారు. 2024 జులైలో వాహన కంపెనీలను పిలిచి మాట్లాడి, పోర్టల్‌లో చేరమని కోరారు కూడా. వస్తువు కొన్నవాడికి దాన్ని బాగుచేయించుకునే హక్కు ఉందని ప్రభుత్వం ఒప్పుకోవడమే పెద్ద మాట. కాకపోతే కారు విషయంలో ఆ హక్కు కస్టమర్ కేర్ నంబరుతోనో, సర్వీస్ సెంటర్ల జాబితాతోనో మొదలవదు. ఈ బండికి సరిపోయే పార్టు నంబరు ఏదో తెలియడంతో మొదలవుతుంది. ఆ నంబరు చెప్పే కేటలాగు ప్రతి కంపెనీ దగ్గరా ఆన్‌లైన్‌లో సిద్ధంగా ఉంది. దాన్ని ఛాసిస్ నంబరు కొట్టి చూసే వీలు మాత్రం చాలావరకు డీలర్ల కౌంటర్లకే పరిమితం. ఆ కేటలాగును బండి యజమానికీ, అతని మెకానిక్‌కూ ఉచితంగా తెరిపించాలన్నదే ఈ లేఖలో నా విన్నపం.

పాతబస్తీలో కార్లు ఎలా బాగవుతాయో ముందు చెప్పాలి. శాలిబండ, చాంద్రాయణగుట్ట, బహదూర్‌పురా, ఎటు చూసినా రోడ్డు పక్కనా గల్లీల్లోనూ షెడ్లుంటాయి. మెకానిక్ బండి విప్పి, అరిగిన సామాను బయటికి తీసి, పాత గుడ్డలో చుట్టి కుర్రాడి చేతికిస్తాడు. వాడు నయాపూల్ దాటి పుత్లిబౌలికో జాంబాగ్‌కో వెళతాడు. అక్కడ దొరక్కపోతే రాణిగంజ్. కౌంటరు మీద పాత సామాను పెడితే దుకాణదారు అటూ ఇటూ తిప్పి చూసి లోపల్నుంచి డబ్బా తెస్తాడు. రెండూ పక్కపక్కన పెడతారు. బోల్టు రంధ్రాలు కలిశాయా, పళ్ల లెక్క సరిపోయిందా, ఎత్తు ఒకటేనా అని చూసుకుంటారు. కంపెనీ మాలా, లోకలా అన్నది ఆ తర్వాతి ప్రశ్న. ఆ తర్వాత బేరం. ఈ పద్ధతిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. చేతిలో బరువు చూసి ఏ బండి సామానో చెప్పగల ఉస్తాదులు ఈ బజార్లలో ఉన్నారు, డిగ్రీలు ఇవ్వలేని చదువు వాళ్లది. అంబాసిడర్, మారుతి 800 రోజుల్లో ఆ చదువు నూటికి నూరుపాళ్లూ సరిపోయింది. ఒక మోడల్ ఏళ్ల తరబడి పెద్ద మార్పు లేకుండా వచ్చేది, కంటికి ఒకేలా కనబడిన రెండు సామాన్లు నిజంగా ఒకటే అయ్యేవి.

ఇవాళ్టి కార్లలో ఆ చివరి మాట నిలవదు. చక్రం బేరింగునే తీసుకోండి. 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నింటికీ ఏబీఎస్, అంటే గట్టి బ్రేకు వేసినా చక్రం పట్టేయకుండా చూసే ఏర్పాటు, తప్పనిసరైంది. అంతకు ముందు ఒకే మోడల్‌లో ఖరీదైన వేరియంట్‌కు ఏబీఎస్ ఉండేది, చవక వేరియంట్‌కు ఉండేది కాదు. ఏబీఎస్ ఉన్న చాలా కార్లలో బేరింగుకు ఒక పక్కనున్న సీలులోనే సన్నటి అయస్కాంత వలయం ఉంటుంది. చూడ్డానికి అది మామూలు నల్లటి రబ్బరు సీలే. దాని చుట్టూ ఉత్తర, దక్షిణ ధ్రువాలు ఒకటి విడిచి ఒకటి వరసగా ఉంటాయి. చక్రం తిరుగుతుంటే సెన్సరు ఆ ధ్రువాలను లెక్కపెట్టి వేగం చెబుతుంది. వలయం ఉన్న బేరింగునూ లేని బేరింగునూ కౌంటరు మీద పక్కపక్కన పెడితే లోపలి వ్యాసం, బయటి వ్యాసం, వెడల్పు అన్నీ ఒకటే కావచ్చు, వెర్నియర్‌తో కొలిచినా తేడా తేలదు. లేనిదాన్ని వేస్తే చక్రం హాయిగా తిరుగుతుంది, బేరింగు చప్పుడు పోతుంది, మీటరులో ఏబీఎస్ దీపం మాత్రం వెలిగి ఆరదు. బ్రేకు గట్టిగా తొక్కాల్సిన రోజున చక్రం పట్టేస్తుంది. వలయం ఉన్నదాన్నే తిరగేసి ఎక్కించినా ఫలితం ఇంతే. ప్రెస్సులో నొక్కి ఎక్కించిన బేరింగును మళ్లీ ఊడదీస్తే అది పనికిరాకుండా పోవడమే ఎక్కువ, కాబట్టి దుకాణం దాన్ని వాపసు తీసుకోదు, తీసుకోవాలని అడగడమూ న్యాయం కాదు. ఇక్కడ మెకానిక్ కన్ను తప్పు చూడలేదు, దుకాణదారు మోసం చేయలేదు. రెండింటికీ కేటలాగులో వేర్వేరు నంబర్లున్నాయి, ఆ నంబరు ఇద్దరికీ అందలేదు, అంతే. నష్టం మాత్రం బండి యజమానిది. అతను క్యాబ్ డ్రైవరైతే సామాను డబ్బుతోపాటు ఆ రోజు కిరాయీ పోయినట్టే, నెలవారీ వాయిదా మాత్రం ఆగదు.

పాత సామానుతో పోల్చి కొనడంలో ఇంకో లోటు కూడా ఉంది. చేతిలో ఉన్న పాత సామానే సరైనదని పూచీ ఏమిటి? సెకండ్ హ్యాండ్ బండిలో ముందటి యజమాని వేయించిన తప్పు సామానుంటే, దాన్ని చూసి తెచ్చిన కొత్తదీ తప్పే అవుతుంది. విరిగి ముక్కలైనదాన్ని, కాలిపోయినదాన్ని, ప్రమాదంలో అసలు పోయినదాన్ని దేనితో పోల్చాలి?

మోడల్, ఏడాది చెప్పి అడిగితే సరిపోదా అంటారు. ఏ ఏడాది? ఒక ఏడాది నవంబరులో తయారైన కారు మరుసటి ఏడాది మార్చిలో రిజిస్టర్ కావడం మామూలే. ఆర్‌సీలో తయారీ నెల, రిజిస్ట్రేషన్ తేదీ రెండూ ఉంటాయి, జనం నోట వచ్చేది మాత్రం రిజిస్ట్రేషన్ ఏడాదే, ఎందుకంటే బండి వాళ్ల ఇంటికి వచ్చింది అప్పుడు. కంపెనీలు మార్పులను జనవరి 1 దాకా దాచిపెట్టవు, సరఫరాదారు మారితే ఏడాది మధ్యలోనే కొత్త సామాను ఎక్కిస్తాయి. ఇది కాక హైదరాబాద్‌కు సొంత చిక్కు ఒకటుంది. బీఎస్-4 పొగ ప్రమాణాలు 2010 ఏప్రిల్‌లో ముందుగా 13 నగరాల్లో అమల్లోకి వచ్చాయి, వాటిలో మనది ఒకటి. దేశమంతటా తప్పనిసరి కావడానికి 2017 ఏప్రిల్ దాకా పట్టింది. ఆ ఏడేళ్లలో ఇన్నోవా, బొలెరో వంటి బండ్లు బీఎస్-3 గానూ బీఎస్-4 గానూ అమ్ముడయ్యాయి. జిల్లాల్లో కొన్న బీఎస్-3 బండి చేతులు మారి నగరానికి వస్తుంది. అదే పేరు, అదే రంగు, అదే ఏడాది. లోపల ఇంధన వ్యవస్థలో, పొగ నియంత్రణలో సామాన్లు వేరుగా ఉండొచ్చు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చినప్పుడు ఇదే గీత మళ్లీ పడింది. ఏ గీతకు ఏ పక్కన పుట్టిన బండో కచ్చితంగా చెప్పగలిగింది ఛాసిస్ నంబరొక్కటే.

ఆ నంబరులో 17 అక్షరాలూ అంకెలూ ఉంటాయి. ఒకటి, సున్నాలతో పొరబడకుండా ఐ, ఓ, క్యూ అక్షరాలను అందులో వాడరు. మొదటి మూడు స్థానాలు తయారీదారువి: ఎంఏ3 అయితే మారుతి సుజుకి, ఎంఏఎల్ అయితే హ్యుందాయ్, ఎంఏటీ అయితే టాటా మోటార్స్. తర్వాతి స్థానాల్లో మోడల్, ఇంజిన్ వంటి వివరాలు, చివర్లో ఆ బండికే చెందిన వరస సంఖ్య. డీలరు కౌంటరులో ఈ నంబరు కొట్టగానే తెర మీద ఆ ఒక్క బండికి సంబంధించిన బొమ్మలే వస్తాయి. బ్రేకు అంటే బ్రేకు భాగాలన్నీ విడదీసి, నట్టు, వాషరు, క్లిప్పు దాకా విడివిడిగా గీసిన చిత్రం, ప్రతి ముక్కకూ ఒక అంకె, అంకెకు ఎదురుగా పార్టు నంబరు, ధర. పాత నంబరు ఆగిపోయి దాని స్థానంలో కొత్త నంబరు వచ్చి ఉంటే అదీ అక్కడే కనబడుతుంది. ఈ చివరిది తెలియకే బజారులో ఎంతమందో, సామాను రావడం లేదన్న మాట విని వెనక్కి తిరుగుతారు. సామాను వస్తూనే ఉంటుంది, నంబరు మాత్రం మారి ఉంటుంది. ఆ నంబర్లలో చదవడం నేర్చుకుంటే అర్థమయ్యే క్రమమూ ఉంది. టయోటా నంబరు 04465తో మొదలైతే ముందు చక్రాల డిస్క్ ప్యాడ్లు, 04466 అయితే వెనక చక్రాలవి. నంబరులోని అడ్డగీత తర్వాత 0కే వస్తే ఇన్నోవా, ఫార్చ్యూనర్, హైలక్స్ కుటుంబానిది. పుత్లిబౌలి కుర్రాడికి ఇది నేర్పడానికి ఒక మధ్యాహ్నం చాలు.

ఇది కొత్త కోరిక కాదు. షంషేర్ కటారియా అనే వినియోగదారు 2011లో వేసిన ఫిర్యాదు మీద కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 2014 ఆగస్టు 25న తీర్పిచ్చింది. విడిభాగాలనూ, లోపాలు కనిపెట్టే పరికరాలనూ బయటి మెకానిక్‌లకు అందకుండా అట్టిపెట్టుకున్నాయని తేల్చి 14 కార్ల కంపెనీలకు దాదాపు ₹2,545 కోట్ల జరిమానా వేసింది. పత్రికలు జరిమానా గురించి రాశాయి. నా దృష్టిలో అసలు విలువైనది ఆదేశంలోని ఇంకో భాగం: విడిభాగాల వివరాలు, వాటి గరిష్ఠ ధరలు, అవి కౌంటరులో దొరికే ఏర్పాట్లు, అంతే నాణ్యత గల ప్రత్యామ్నాయాలు, ఇవన్నీ కంపెనీలు తమ వెబ్‌సైట్లలో బహిరంగంగా పెట్టాలని కమిషన్ చెప్పింది. బయట రిపేరు చేయించినంత మాత్రాన వారంటీ పోతుందని గంపగుత్తగా బెదిరించకూడదనీ చెప్పింది. కంపెనీలు ట్రిబ్యునల్‌కూ హైకోర్టులకూ వెళ్లాయి, వ్యవహారం ఏళ్లకేళ్లు సాగింది. ఈలోగా కొన్ని కంపెనీలు కొన్ని సామాన్ల ధరలు సైట్లలో పెట్టాయి, అది మెచ్చుకోదగ్గదే. అయితే నంబరు తెలిస్తే ధర చూపడం వేరు, బండి చెబితే నంబరు చూపడం వేరు. షెడ్డులో కావలసింది రెండోది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వస్తువు నాణ్యత, ప్రమాణం, ధర తెలుసుకునే హక్కును మనకిచ్చింది. డబ్బా మీద గరిష్ఠ ధర అచ్చు వేయాలని తూనికల కొలతల నిబంధనలున్నాయి. ఆ డబ్బాలోది నా బండికి సరిపోతుందా అన్న సంగతి దగ్గరే చట్టం మౌనంగా ఉంది. మీ శాఖ పూనుకోవలసింది అక్కడే.

ప్రైవేటు ఆన్‌లైన్ కేటలాగులు ఉన్నాయి కదా, ప్రభుత్వం ఎందుకు తలదూర్చాలి అన్న వాదన వినబడుతుంది. ఉన్నాయి, వాటి మేలు కాదనలేం. జర్మనీలో 1990లలో విడిభాగాల తయారీదారులు కలిసి మొదలుపెట్టిన టెక్‌డాక్ ఇవాళ యూరప్ దుకాణాలకు ఆధారం. అమెరికాలో 1999లో పుట్టిన రాక్‌ఆటో ఒక్కో భాగానికి పలు తయారీదారుల సరుకును పక్కపక్కన చూపుతుంది. మన దగ్గర బూడ్‌మో వంటివి కంపెనీ నంబరు ఆధారంగా వెతకనిస్తున్నాయి. వీటివల్ల నంబరు చూసి కొనడమనే అలవాటు మొదలైంది. కానీ అమ్మకందారు కేటలాగుకు మూలం కంపెనీ కేటలాగే. మూలం తెరిచి లేనప్పుడు నకలులో పొరపాటు దొర్లితే దిద్దే దారి ఉండదు, నంబరు మారిన కబురు ఆలస్యంగా చేరుతుంది, సరిపోకపోతే బాధ్యత ఎవరిదో తేలదు. అందుకే యూరోపియన్ యూనియన్ దీన్ని బజారుకు వదిలేయలేదు. 2020 సెప్టెంబరు నుంచి అమల్లో ఉన్న 2018/858 నిబంధన ప్రకారం, ఛాసిస్ నంబరుతో గుర్తించిన బండికి కంపెనీ మొదట బిగించిన భాగాల వివరాలు స్వతంత్ర మెకానిక్‌లకు సులువుగా అందే డేటాబేస్‌లో ఉంచాలి. అక్కడా సహేతుకమైన రుసుము వసూలు చేసుకోనిచ్చారు. రిపేరు పుస్తకాలకు, సాఫ్ట్‌వేర్‌కు రుసుము పెట్టుకుంటే నాకూ అభ్యంతరం లేదు. పార్టు నంబరుకు మాత్రం పెట్టకూడదు. బండి అమ్మినప్పుడే ఆ సమాచారం ఖరీదు అందులో కలిసింది.

కంపెనీల వైపు నుంచి వచ్చే అభ్యంతరాల్లో గట్టిది నకిలీల గురించి. నంబర్లు బయటపెడితే దొంగ సరుకు చేసేవాళ్లకు దారి చూపినట్టే అంటారు. నకిలీ సామాన్ల బెడద నిజం. నకిలీ బ్రేకు ప్యాడ్ ప్రాణం తీస్తుంది, దీన్ని తేలిగ్గా కొట్టిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. అయినా నకిలీ డబ్బా మీద నంబరు ఇప్పటికే అచ్చయి ఉంది, అసలు డబ్బా చూసి దించినవాడికి కేటలాగుతో పనేమిటి? ఈ బేరంలో నంబరు తెలియనిది కొనేవాడొక్కడికే. కేటలాగు అతని చేతికొస్తే, డబ్బా మీది నంబరు ఎప్పుడో ఆగిపోయిందనీ, గరిష్ఠ ధర తేడాగా ఉందనీ, ఈ నంబరు అసలు తన బండిది కాదనీ అక్కడికక్కడే పట్టుకోగలడు. చీకటి మేలు చేసేది నకిలీలకే.

రెండోది భద్రత. శిక్షణ లేని చేతుల్లో ఎయిర్‌బ్యాగులు, ఇమ్మొబిలైజర్లు పడితే ప్రమాదం కాదా అంటారు. ఇందులో సగం న్యాయముంది. తాళాల కోడ్లు, ఇమ్మొబిలైజర్‌ను కొత్తగా కలిపే పద్ధతులు దొంగతనానికి పనికొచ్చేవి, వాటికి అదుపు ఉండాల్సిందే. సామాను నంబరు చెప్పడం, తాళం తీసే కోడు చెప్పడం ఒకటి కాదు. నంబరు తెలియనంత మాత్రాన షెడ్డులో పని ఆగడమూ లేదు, తప్పు సామానుతో జరుగుతోంది. భద్రత కోరేవాళ్లు ముందు అడగాల్సింది సరైన సామాను సంగతే. ఇక మేధోహక్కుల వాదనను కంపెనీలు 2014 తీర్పు వచ్చిన కేసులోనే కమిషన్ ముందు పెట్టాయి, నెగ్గలేదు. బొమ్మల మీద కాపీరైటు ఉంటే ఉండనివ్వండి, చూడనిస్తే ఆ హక్కు చెడదు. ఛాసిస్ నంబరు దుర్వినియోగమవుతుందన్న భయానికి జవాబు చిన్నది: కేటలాగు బండి ఎలా తయారైందో చెబితే చాలు, యజమాని ఎవరో చెప్పనక్కర్లేదు.

కంపెనీలు దేశం విడిచి వెళ్లినప్పుడు ఈ సమస్య ఇంకా ముదురుతుంది. జనరల్ మోటార్స్ 2017లో మన దేశంలో షెవర్లే అమ్మకాలు ఆపింది, ఫోర్డ్ 2021 సెప్టెంబరులో ఇక్కడి తయారీకి స్వస్తి చెబుతున్నట్టు ప్రకటించింది, ఫియట్ కార్లు బీఎస్-6 దాకా రాకుండానే ఆగాయి. బీట్, ఫిగో, పుంటో ఇంకా మన గల్లీల్లో తిరుగుతూనే ఉన్నాయి, చేతులు మారిన కొద్దీ తక్కువ ఆదాయం ఉన్న ఇళ్లకు చేరుతున్నాయి. వీటికి సామాను పుట్టించడంలో పాతబస్తీ మెకానిక్‌ల తెలివి చూడాలి. ఫియట్ 1.3 లీటర్ల డీజిల్ ఇంజిన్ పుంటోలోనే కాదు, మారుతి స్విఫ్ట్, డిజైర్‌లలోనూ టాటా విస్టా, మాంజాలలోనూ ఉందని వాళ్లకు ఎవరూ చెప్పకుండానే తెలుసు, ఒకదానికి దొరకని భాగాన్ని ఇంకోదాని పేరుతో పట్టుకొస్తారు. అయితే ఆ ఇంజిన్‌లోనే 75 హార్స్‌పవర్ రకానికీ 90 హార్స్‌పవర్ రకానికీ టర్బో వేరు. ఏ భాగం కలుస్తుందో, ఏది కలవదో నంబర్లు పక్కన పెట్టి చూస్తే నిమిషంలో తేలుతుంది. లేకపోతే డబ్బు తగలేసి తెలుసుకోవాలి. వెళ్లిపోయే కంపెనీ తన కేటలాగును ఇక్కడ అప్పజెప్పి వెళ్లాలని నిబంధన పెట్టాలి, దానికయ్యే ఖర్చూ ఏమంత లేదు.

2020 అక్టోబరు వరదలను కూడా గుర్తుచేయాలి. ఫలక్‌నుమా చుట్టుపక్కల, అల్ జుబైల్ కాలనీ, హఫీజ్ బాబానగర్ వీధుల్లో నీళ్లు నిలిచి కార్లు మునిగాయి, కొన్ని కొట్టుకుపోయాయి. మునిగిన కారుకు కావలసినవి స్టార్టర్, ఆల్టర్నేటర్, కంట్రోల్ యూనిట్, వైరింగ్. సరిగ్గా ఇవే కంటితో పోల్చి కొనలేనివి. ఒకే పెట్టె, ఒకే ప్లగ్గు, లోపల ప్రోగ్రాం వేరు. ఎలక్ట్రికల్ సామాను ఒకసారి అమ్మితే వాపసు లేదన్నది బజారు రివాజు, దుకాణదారు కోణంలో దాన్ని తప్పు పట్టలేం. ఈ నగరంలో వాన పడుతూనే ఉంటుంది.

కాబట్టి అడుగుతున్నవి ఇవి. మీ పోర్టల్‌లో వాహనాల పేజీ తెరవగానే ఛాసిస్ నంబరు కొట్టే పెట్టె ఒకటి ఉండాలి. అది ఆయా కంపెనీ కేటలాగులోకి లాగిన్ లేకుండా, రుసుము లేకుండా తీసుకెళ్లాలి. అక్కడ బొమ్మ, నంబరు, మారిన నంబరు, గరిష్ఠ ధర కనబడాలి, అదే భాగాన్ని తమ పేరుతో అమ్మే అసలు తయారీదారు నంబరు కూడా ఉంటే మరీ మంచిది. బొమ్మకూ నంబరుకూ భాష అడ్డం కాదు గానీ, భాగాల పేర్లు తెలుగులోనూ ఉర్దూలోనూ ఉండాలి, ఎందుకంటే ఇక్కడి షెడ్లలో పని నడిచేది ఈ రెండు భాషల్లోనే. మెకానిక్ జేబులో ఫోనుంది, డబ్బులు తీసుకునేది కూడా అందులోనే, కొత్త పరికరం ఏదీ కొనక్కర్లేదు. తాళాలకూ ఇమ్మొబిలైజర్లకూ సంబంధించిన రహస్య సమాచారాన్ని వేరుచేసి పెట్టుకోనివ్వండి. మోడల్ ఆగిపోయినా, కంపెనీ వెళ్లిపోయినా ఆ పేజీ తీసేయకూడదన్న షరతు మొదటి రోజే రాయించండి. కంపెనీల ఇష్టాయిష్టాలకు వదిలేస్తే ఇది జరగదని 2014 తర్వాత గడిచిన కాలమే చెబుతోంది, కాబట్టి పోర్టల్‌లో చేరిన ప్రతి వాహన కంపెనీకీ ఒక గడువు పెట్టి, ఆ తేదీని పోర్టల్‌లోనే అందరికీ కనబడేలా ప్రకటించండి.

ఇట్లు,
పాతబస్తీ వినియోగదారు ఒకరు,
హైదరాబాద్